గట్టు తాకని నది

బంగారు అక్కకి,

కులాసాగా ఉన్నానని రాసిన ఉత్తరాలన్నీ అబద్ధాలే. వరద హెచ్చరికల ఆఫీసులో నా పని నీకు తెలుసు కదా. నది ఎంత పెరిగిందో కొలిచేవాళ్ళు వేరే ఉన్నారు. కొలతలు అందని చోట, జనం ఫోనులో చెప్పే మాటలు పట్టుకుని నేను బొమ్మ గీస్తాను. నీరు దూరంగా ఉందా, గట్టుకు ఆనుకుందా, గట్టు దాటిందా, వీధిలోకి వచ్చిందా అని. నీరు ఒక స్థితి నుంచి దాని పక్క స్థితికే వెళ్ళగలదు, మధ్యదాన్ని వదిలేసి దూకలేదు. ఇంతే నా శాస్త్రం. నిన్న అందరి ముందు మా పెద్దాఫీసరు, "అంకె లేని లెక్క కూడా ఒక లెక్కేనా అమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను? మనసు మాత్రం చివుక్కుమంది. నెలాఖరుకి రాజీనామా ఇచ్చేసి నీ కుట్టు దుకాణానికి వచ్చేస్తాను. గుండీలు కుట్టడమైనా నేర్పు.

నీ చెల్లి

*

అక్కా, నా బంగారు అక్కా,

గుండీలు నువ్వే కుట్టుకో. నవ్వుతూ రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనకు.

ఎగువ వానలకు నది పొంగుతోంది, ఇక్కడ చినుకు లేదు. ఈ ఉదయం ప్రసూతి ఆస్పత్రి నర్సు ఫోను చేసి, పెరట్లోకి నీళ్ళు వచ్చేశాయంది. నది వచ్చేసిందనుకుని పెద్దాఫీసరు బాలింతలను, పసికందులను లారీలెక్కించమన్నాడు. అక్కడ ఒకామె నొప్పులు పడుతోంది. నేను లేచి నిలబడ్డాను.

"కాస్త ఆగండి సార్. ఆ నీళ్ళు నదివి కావు."

"మీకెలా తెలుసు?"

"నది అక్కడికి రావాలంటే ముందు గట్టుకు ఆనుకోవాలి, గట్టు దాటాలి, రోడ్డు మీద పారాలి. గట్టు కాపలాదారేమో నీళ్ళింకా కిందే ఉన్నాయంటున్నాడు. రోడ్డు మీద బస్సులు తిరుగుతున్నాయి. మధ్యలో ఎవరికీ కనపడకుండా నది పెరట్లో ఊడిపడుతుందా సార్? ఆస్పత్రి ట్యాంకు చూడమనండి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి ఫోనందుకున్నాడు. నర్సు వెళ్ళి చూసొచ్చేదాకా ఫోను పక్కనే నిలబడ్డాను. నా మాట తప్పయితే అంతమంది ప్రాణాలు నా నెత్తిమీదే కదా.

"ట్యాంకు గొట్టం పగిలిందండీ" అంది నర్సు. లారీలు ఆగిపోయాయి. గదంతా గొల్లున నవ్వింది, ఈసారి నన్ను చూసి కాదు.

సాయంత్రం పెద్దాఫీసరు తనే కుర్చీ లాక్కుని నా బల్ల దగ్గరికొచ్చి, "ఇదెలా పట్టుకున్నారో మొదట్నుంచి చెప్పండమ్మా" అన్నాడు. నేను మొదలుపెట్టానో లేదో మళ్ళీ నర్సు ఫోను. ఆడపిల్లట. తల్లి తన మంచం మీదే హాయిగా నిద్రపోతోందట. ఆ మాట విన్నాక నాకింకెక్కడికీ వెళ్ళాలని లేదు అక్కా.

పట్టలేని సంతోషంతో,
నీ చెల్లి