దొర పక్క కుర్చీ

బాబాయీ,

నీ ఉత్తరం అందింది. "పెళ్ళిలో ఆ కుక్క ఉంటే నేను గుమ్మం తొక్కను, పదిమందిలో తలెత్తుకోలేను" అని రాశావు. అది చదివి అమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు. మన దొర నా పెళ్ళికి వస్తాడు. మెడకి నీలం రిబ్బను కట్టించుకుని మొదటి వరుసలో కూర్చుంటాడు.

వాడు నాకేమవుతాడని అడిగావు కదా, చెబుతాను. బేకరీలో చేరిన కొత్తలో చీకటితోనే పనికి బయల్దేరేదాన్ని. దీపాలు వెలగని ఆ సందులో నాకు తోడు రావడానికి మనవాళ్ళలో ఒక్కరికీ తెల్లవారలేదు. దొర వచ్చాడు. నా పని అయ్యేదాకా పొయ్యి గది గుమ్మంలోనే కూర్చునేవాడు. అక్కడ రోజూ వాడికి మాడిన రొట్టెలు పెట్టిన మనిషినే నేను చేసుకుంటున్నాను. ఈ సంబంధం కుదిర్చింది వాడు, నువ్వు కాదు.

మొరుగుతాడంటావా? మొరగనీ. పెళ్ళి మాటలనాడు నువ్వు అరిచినంత అరవడులే.

ఒకసారి వాణ్ణి స్కూటరు మీద తీసుకెళ్ళి మార్కెట్టు అవతల వదిలేశావు. వస్తూ దారిలో టీకి ఆగావు. నువ్వు ఇల్లు చేరేసరికి వాడే తోకాడిస్తూ నీకు ఎదురొచ్చాడు.

నాన్న లేడు కాబట్టి నన్ను వేదిక దాకా నువ్వే నడిపించాలని నా కోరిక. అది ఇప్పటికీ ఉంది. దొర పక్క కుర్చీ నీకే అట్టేపెట్టాను. కానీ బతిమాలను. పిలిచినా రానంటున్న మనిషి కోసం, వెళ్ళగొట్టినా తిరిగొచ్చినవాణ్ణి బయట కట్టెయ్యలేను.

నీ అన్న కూతురు