మూత సంగతి

శనివారం, నరసాపురం

పొద్దున్నే కాకినాడ నుంచి చెల్లి సుజాత ఫోన్ చేసింది. "అక్కా, దిబ్బరొట్టె ఎలా చేస్తావో చెప్పవే. నేనే చేసుకుంటాను. అస్తమానం దానికోసం నీ దగ్గరికి పరిగెత్తలేను కదా."

నెలకోసారి ఆ రొట్టె కోసమే వస్తుంది. ఆ ఒక్కరోజే ఈ ఇంట్లో రెండు కంచాలు పెడతాను.

మినప్పప్పు నానబెట్టడం చెప్పాను, రవ్వ కలపడం చెప్పాను, అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె పోయమన్నాను. సన్నటి సెగ మీద ముప్పావు గంట మూత తీయకూడదని మాత్రం చెప్పలేదు. మరిచిపోయి కాదు. నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

సాయంత్రం మళ్లీ ఫోన్. "అడుగు మాడింది, లోపలంతా పచ్చిపిండేనే! ఇది రొట్టా, ఇటుకా అని మా ఆయన ఒకటే నవ్వు. నీ చెయ్యి నాకెక్కడ వస్తుందక్కా? రేపు బస్సెక్కి వచ్చేస్తున్నా."

సంతోషం వేసింది. తర్వాత దీపం పెట్టి గోవిందనామాలు చదువుతుంటే రెండుసార్లు తప్పు పోయింది. స్వామి ముఖం చూడలేకపోయాను.

ఇప్పుడే పప్పు నానబోశాను, ఇద్దరికి సరిపడా. మూత సంగతి రేపు చెప్పేస్తాను. తిన్నాక చెప్తాను. లేదంటే, బస్సెక్కించేటప్పుడు...