ఊద గడ్డి పీకిన ఇంటర్వ్యూ

కామారెడ్డి
ఆదివారం పొద్దున

మా అవ్వకు, నీ చిన్నబిడ్డ స్వరూప దండాలు.

లత వదిన ఇది చదివి వినిపిస్తుంటే నువ్వు బియ్యం ఏరుకుంటూ వినకు. చేతిలో పని పక్కన పెట్టి కాసేపు కూర్చో. బాపు మోకాలి నొప్పి ఎలా ఉంది? మన మహమ్మద్‌నగర్‌లో వానలు పడుతున్నాయా? మొదటి కలుపు అయిపోయిందా?

నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను, ఫోన్లో అడిగినట్టు మళ్లీ మళ్లీ అడగకు. గది చిన్నదే కానీ కిటికీ ఉంది. వాన గట్టిగా కొడితే మంచం కాస్త ఇటు జరుపుకుంటాను, అంతే. అన్నం వండుకుని, కూర బయట కొంటున్నాను. మొన్న జొన్నరొట్టె చేయబోతే పెనం మీదే మూడు ముక్కలైంది. నవ్వకు. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి తాళం తీసేటప్పుడు మాత్రం లోపల ఎవరూ ఉండరని గుర్తొచ్చి దిగులేస్తుంది. లైటు వేస్తే సర్దుకుంటుంది.

ఉద్యోగం వచ్చిందని ఫోన్లో చెప్పాను కానీ, ఎలా వచ్చిందో చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

యూనివర్సిటీలో ఎమ్మెస్సీ పిల్లలకు మొక్కల శాస్త్రం చెప్పడానికి పార్ట్‌టైమ్ లెక్చరర్ కావాలంటే వచ్చాను కదా. ఉన్నది ఒక్క పోస్టు. అది రాకపోతే నేను మళ్లీ ఎల్లారెడ్డి ప్రైవేటు స్కూలుకే పోయి ఏడో తరగతికి నోట్సు చెప్పుకోవాలి. నాతో వచ్చినవాళ్లలో ఇద్దరు పీహెచ్‌డీ చేసినవాళ్లు. వాళ్ల ఇంగ్లీషు వింటూ వరండాలో ఒక మూలకు కూర్చున్నాను. ఆ బిల్డింగు చూస్తేనే భయం నాకు. ఎత్తైన తలుపులు, గాజు బీరువాల్లో ఎండిన మొక్కలు, ఒక్కోదానికీ ఇంత పొడుగు పేరు.

వరండా ముందు సిమెంటు తొట్లలో వరి ఉంది. ఇరవై రోజుల నారు, మధ్యలో గుబురుగా, అచ్చం వరిలాగే కనిపించే ఊద గడ్డి. నా పేరు పిలవడానికి ఇంకా టైముందని తొట్టి దగ్గరికి పోయాను. నా కాళ్లు నీ కాళ్లలాగే వంగాయి, నా చేతులు నీ చేతుల్లాగే పోయాయి. తేరుకుని చూసుకునేసరికి ఒక తొట్టి మొత్తం శుభ్రంగా ఉంది, నా పక్కన ఊద కుప్ప ఉంది.

అటెండరమ్మ పరుగెత్తుకొచ్చి నెత్తి కొట్టుకుంది. "అయ్యో మేడం, ఏం జేసినవ్! అది సారు కావాలని పెంచుతున్న గడ్డి!"

నిజమే అవ్వా. వరిని ఊద ఎంత అణచేస్తుందో చూడటానికి పిల్లలు రెంటినీ కలిపి చల్లి, రోజూ కొలుచుకుంటున్నారట. ప్రపంచంలో ఎవరైనా కలుపును చల్లి పెంచుతారని నాకేం తెలుసు! ఇక బస్సెక్కడమే అనుకున్నాను.

ఇంటర్వ్యూ చేస్తున్న పెద్ద సారు బయటికొచ్చారు. పిట్లం దగ్గరి మనిషి, జుట్టంతా తెల్లబడింది. ఏమీ తిట్టలేదు. కుప్పలోని మొక్కలను ఒక్కొక్కటే భూతద్దం పెట్టి చూశారు. చివరిదాకా చూసి, "గీ కుప్పల ఒక్కటి గూడ వరి లేదు. మా పిల్లలకు అద్దం ఇచ్చినా తప్పు వోతది. నీకెవలు నేర్పిన్రు?" అన్నారు.

అవ్వా, నన్ను క్షమించు. నేను "పుస్తకంలో చదివాను సార్" అన్నాను.

నీతో కలుపుకు వచ్చిన సంగతి కాలేజీలో ఎవరికీ చెప్పుకోలేదు నేను. ఫారాల్లో నీ పని దగ్గర ఎప్పుడూ "గృహిణి" అనే రాశాను. ఆ అలవాటే నోట్లోంచి వచ్చింది.

సారు లోపలి నుంచి లావు పుస్తకం తెప్పించి నా చేతిలో పెట్టారు. "ఏ పేజీల ఉన్నదో సూపియ్యమ్మా, నేను గూడ నేర్సుకుంట." నేను పేజీలు తిప్పుతూనే ఉన్నాను. అందులో వరి ఆకు మొదట్లో ఉండే, ఊదకు ఉండని తెల్లని పొర చూడమని ఉంది. చూడకుండా, చేత్తో పట్టుకుని చెప్పడం ఎక్కడా లేదు. పుస్తకం మూసేసి, "మా అవ్వ నేర్పింది సార్. కూలికి కలుపు తీస్తది" అన్నాను. కళ్లలో నీళ్లొచ్చాయి.

"అవ్వ ఏమన్నదో అట్లనే చెప్పు."

"ఆకు మొదట్ల వేలు వెట్టి పైకి జరుపు బిడ్డా. వరి వేలును పట్టుకుంటది, ఊద జారిపోతది."

అంత పెద్ద సారు ప్యాంటు మడుచుకుని పక్క తొట్టి దగ్గర గొంతుక్కూర్చున్నారు. కళ్లు మూసుకుని ఒక్కో ఆకు మీద వేలు జరిపారు. రెండుసార్లు తప్పు చెప్పారు, మూడోసారి సరిగ్గా చెప్పారు. చిన్నపిల్లాడిలా మొహం వెలిగిపోయింది. "ముప్పై ఏండ్ల సంది ఈ పాఠం చెప్తున్న, నా వేలుకు ఇయ్యాల తెలిసింది" అన్నారు. పొలంలో నీ వెనకాల విసుక్కుంటూ నడిచినప్పుడు, నేనెవరి వెనకాల నడుస్తున్నానో నాకు తెలియలేదు అవ్వా.

పాడైన తొట్టి నేనే మళ్లీ చల్లాలన్నారు. చల్లాను. సోమవారం నుంచి క్లాసుకు రమ్మన్నారు.

మొదటి క్లాసులో పిల్లలందరినీ తొట్ల దగ్గర కూర్చోబెట్టి కళ్లు మూయించాను. తర్వాత రికార్డు రాస్తూ ఒకమ్మాయి అడిగింది, "మేడం, ఇది ఏ పుస్తకంలదని రాయాలె?" అని. ఎక్కడ నేర్చుకున్నామో కింద రాయడం ఇక్కడి పద్ధతి. బోర్డు మీద రాసి చూపించాను. అందరూ ఎక్కించుకున్నారు.

ఆ పేజీ ఒకటి జిరాక్సు తీయించి ఈ ఉత్తరంలో పెట్టాను. నీకు చదవరాదు కానీ, ఉపాధి పని జాబ్ కార్డు మీద సంతకం పెట్టీ పెట్టీ నీ పేరు ఎలా ఉంటుందో నీకు తెలుసు. వదినను చెప్పనివ్వకు. కింది వరుసలో నువ్వే వెతుక్కో.

బాపుకు, అన్నకు నా దండాలు చెప్పు. వదినతో కొంచెం చింతకాయ తొక్కు పంపించు. నీ చెయ్యి నా నెత్తి మీద ఉండాలి.

కలుపు తీసే రాజవ్వ బిడ్డ,
స్వరూప