జగన్నాధం బొజ్జ, వెబ్ పేజీ వెడల్పు

కళింగపట్నం,
సోమవారం.

చిరంజీవి అనితకి మావయ్య ఆశీస్సులు.

ఫోనులో నా గొంతు వినగానే చెవికి దూరంగా పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం బస్సు కండక్టరు ఈశ్వర్ చేతికిస్తున్నాను.

మన భజన సంఘానికి నువ్వు చేసిన వెబ్ పేజీ విజయనగరంలో నీ కంప్యూటర్ మీద మూడు నిలువు వరుసలతో కళకళలాడింది. ఇక్కడ ఫోనుల్లో ఒకటే వరుస! నలభై మంది ఫొటోలూ ఒకదాని కింద ఒకటి. ప్రసాదం వండే తవిటమ్మది అట్టడుగున. "నా మొకం సూడ్డానికి బొటనేలు అరగదీసుకోవాలేటి? శనివారం నీ ప్రవచనానికి ఆడోళ్లం ఒక్కరం కూడా రాం, సూసుకో" అంది. వాళ్లు రాకపోతే నా ఇరవై ఏళ్ల సభ మూతపడినట్టే. సాక్షాత్తూ విష్ణువే వామనుడై కుదించుకున్నాడే, నీ వరుసలు కుదించుకోలేవా?

ఇట్లు,
భక్తిసాగరతరంగఘోషప్రవచనగర్జనకేసరి ధనరాజు

తా.క.: పేజీలో నా ఫొటో కింద బిరుదుని మధ్యలో విరగ్గొట్టొద్దన్నాను. విరగలేదు. నువ్వు సరిగ్గా చేసింది అదొక్కటే.

విజయనగరం,
మంగళవారం.

మావయ్యకి అనిత నమస్కారాలు.

వరుసలకి కొలత పెడతానంటే "కొలతలెందుకు, అదే సూసుకుంటాది" అన్నది నువ్వే. అది చూసుకుంది! మన ఒడ్డున వాటాలేసినప్పుడు ఏ గంప వెలితిగా ఉంటే తర్వాతి చేప అందులో పడుతుంది కదా? ఇక్కడా అంతే. ఏ వరుస పొట్టిగా ఉంటే తర్వాతి ఫొటో అందులోకి. అన్నిటికన్నా పెద్ద చేప ఏ గంపలో పడుతుందో ముందే తెలీదు కాబట్టి గంపలన్నీ దానికి పట్టేంత పెద్దవే తేవాలి. నీ పేజీలో ఏదో ఒకటి మరీ వెడల్పుగా ఉంది. దాని మూలంగా ప్రతి వరుసా ఫోనంత వెడల్పయిపోయి, పక్కన రెండోదానికి చోటు లేకుండా పోయింది. అదేదో వెతికి రాస్తాను.

నీ మేనకోడలు,
అనిత

తా.క.: పొడుగు ఎంతున్నా ఇబ్బంది లేదు. వెడల్పే కొంప ముంచుతోంది.

కళింగపట్నం,
గురువారం.

అనితకి ఆశీస్సులు.

వెతకనక్కర్లేదు, దొరికాడు! వలల జగన్నాధం. ఫొటోలో వాడి బొజ్జ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. నిన్న భజనలో అందరి ముందూ గర్జించాను: "ఒక్కడి వెడల్పుకి నలభై మంది అణిగిపోవాలా? బలి చక్రవర్తి అహంకారం ఏ పాతాళానికి పోయిందిరా?" వాడు లేచి, "ఒరే బావా, ఇది తవిటమ్మ పులిహోర తిని పెంచుకున్నది. నీ ఇంట్లో తిన్నానేటి?" అన్నాడు. ఆఖరికి పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి మళ్లీ ఫొటో దిగాడు. పంపుతున్నాను.

ఇట్లు,
భక్తిసాగరతరంగఘోషప్రవచనగర్జనకేసరి ధనరాజు

తా.క.: త్వరగా పెట్టు. వాడు ఇంకా ఊపిరి వదల్లేదు.

విజయనగరం,
శుక్రవారం.

మావయ్యకి నమస్కారాలు.

జగన్నాధం మావని ఊపిరి వదలమను. ఫొటోలు ఎంత చిన్నగానైనా కుదించుకుంటాయి. కుదించుకోనిది పేజీ మొత్తంలో ఒక్కటే: మధ్యలో విరక్కూడదని నువ్వు శాసించిన నీ బిరుదు. ఇరవై అక్షరాలు, ఒకటే మాట! నలభై మందినీ అణిచింది నువ్వే మావయ్యా.

అనిత

తా.క.: ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువుకో.

కళింగపట్నం,
ఆదివారం.

అమ్మా అనితా,

ఆ తా.క. ఉత్తరం పైనే రాయాల్సింది! జగన్నాధం మీద తీర్పు వచ్చిందని చాటించి, కవరు విప్పకుండా శనివారం సభకి తెచ్చాను. ఆ తీర్పు వినడానికి ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. నేనే పైకి చదివాను. "నువ్వే మావయ్యా" దగ్గర నా గొంతు ఆగింది, జగన్నాధం బొజ్జ ఊగింది. తవిటమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ఇరవై ఏళ్లలో ఇంత మంచి ప్రవచనం ఇన్నేదు. వచ్చే శనివారం కూడా వస్తాం" అంది. బలి చక్రవర్తిని నేనేనమ్మా. తల వంచాను. బిరుదు విరగ్గొట్టు.

నీ మావయ్య,
ఒట్టి ధనరాజు

తా.క.: విరగ్గొట్టమన్నాను గానీ తీసెయ్యమనలేదు. ముక్క కింద ముక్క పేర్చు. పొడుగు ఎంతున్నా ఇబ్బంది లేదన్నావు కదా. వామనుడు కూడా పైకే పెరిగాడు.