సీసా మీది గాట్లు

నాయనా,

బతికున్నప్పుడే నీకు చదువు రాదు. అయినా రాస్తున్నా.

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. ఇందాక తర్లుపాడు నుంచి గొర్రెలు కాసేటాయన మా మార్కాపురం ఆసుపత్రికి వచ్చినాడు. కాగితానికి గాట్లు పెట్టి మందుసీసాకు అంటించి, "పూటకు ఒక గాటే తాగాల, మామా" అన్నా.

"గొర్రెకైతే గొట్టంతో ఒక్కసారే పోస్తాం గదా!" అని నవ్వినాడు.

నువ్వూ గొర్రెలు కాసినోడివే, అట్లనే అనుకొని సీసా మొత్తం ఒక్కసారే తాగి పోయినావు. ఆ సీసా ఇచ్చింది నేనే. మద్రాసులో కాంపౌండరు పని నేర్చుకొచ్చినోణ్ణి, గాట్లయితే అంటించినాను గానీ అవి ఎందుకో చెప్పలేదు. మా నాయనకు తెలియదా అనుకున్నా.

ఆ మామతో మూడుసార్లు చెప్పించుకొని పంపినా. అయినా కూచోలేకపోతున్నా. ఇంకా మార్కాపురం దాటి ఉండడు. చెప్పులేసుకుంటున్నా నాయనా, ఇంకోసారి చెప్పి వస్తా.