ఒక రోజంతా చల్లగా

అక్కా,

ఒళ్ళో చంటిదాన్ని పడుకోబెట్టుకునే ఈ ఉత్తరం చదువుతుంటావు. చదివాక బావకి చెప్పకు.

నేను కుట్టుమిషను దగ్గరే కూలిపోయానట. గుండె ఆగిపోయిందట. అంబులెన్సు వచ్చేదాకా ఆయన నా ఛాతీ నొక్కుతూనే ఉన్నారట. ఆస్పత్రిలో గుండె మళ్ళీ కొట్టుకుంది గానీ తెలివి రాలేదు. మెదడు దెబ్బతినకుండా మందిచ్చి నిద్రపుచ్చి, చన్నీళ్ళు తిరిగే పట్టీలు ఒంటికి చుట్టి, ఒక రోజంతా ముప్పై మూడు డిగ్రీల దగ్గర ఉంచారట. అన్నీ 'అట'లే చూడు, నా కథ నేనే ఇంకొకరి నోట వింటున్నాను.

నాకు గుర్తున్నది ఒక్కటే. ఏవో పచ్చటి నీళ్ళ అడుగున వెల్లకిలా పడుకున్నాను. చలి లేదు, భయం లేదు. పైన ఎవరో మెల్లగా నడుస్తున్నారు. నన్నే వెతుకుతున్నారని తెలుస్తూనే ఉంది, పలకబుద్ధి కాలేదు.

కళ్ళు తెరిస్తే కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నారు. "మీవారే," అంది నర్సు. తలూపాను.

అక్కా, ఆయనెవరో నాకు తెలియదు. వెనకటి రెండేళ్ళూ తుడిచిపెట్టుకుపోయాయి. నీకు చంటిది పుట్టిన సంగతీ ఇంటికొచ్చాక విన్నదే. మా పెళ్ళి ఫొటో చూస్తే పక్కింటివాళ్ళ పెళ్ళి చూస్తున్నట్టుంది. ఇంటికొచ్చి నెలైంది. అంతా గుర్తున్నట్టే నటిస్తున్నాను. ప్రాణం నిలిపిన మనిషిని మోసం చేస్తున్నానని ముద్ద దిగడం లేదు. నీ దగ్గరికి వచ్చేస్తాను, రానిస్తావా?

నీ చెల్లి


అక్కా,

రమ్మన్నావు, కానీ ముందు ఆయనకి చెప్పి రమ్మన్నావు. చెప్పాను.

మధ్యాహ్నం షాపు నుంచి భోజనానికొచ్చారు. చేతులు కడుక్కుంటుండగానే ఉన్నదంతా చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు.

"తెలుసు," అన్నారు. "కళ్ళు తెరిచిన రోజే తెలుసు. నన్ను 'మీరు' అన్నావు. నువ్వెప్పుడన్నావలా?"

మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదన్నాను.

"నిన్ను మళ్ళీ వెచ్చబెట్టేటప్పుడు గంటకి పావు డిగ్రీ చొప్పునే పెంచారు. తొందరపడితే ప్రమాదమన్నారు డాక్టరుగారు. నేనూ తొందరపడకూడదనుకున్నా."

ఏడ్చానో నవ్వానో తెలియదక్కా. ఆ రెండేళ్ళు ఎప్పటికీ తిరిగి రాకపోతే ఏం చేస్తారని అడిగాను. మేం మొదట కలిసింది ఆయన కళ్ళజోళ్ళ షాపులోనేనట. మళ్ళీ అక్కడే కలుద్దామన్నారు.

అందుకని నీ దగ్గరికి రావడం లేదు. రేపు సాయంత్రం ఆ షాపుకి వెళ్తున్నాను. ఏం కట్టుకోవాలో తోచక పొద్దుటినుంచీ బీరువా ముందే నిలబడ్డాను. నవ్వకు.

నీ చెల్లి