ఆమెన్ రాజీనామా కాదు

కార్మిక శాఖ అధికారి గారి సముఖమునకు,
పోర్ట్‌బ్లెయిర్.

షాదీపూర్ నివాసి క్యారొలిన్ రాసుకున్న అర్జీ.

విషయం: వండూర్‌లోని రిసార్టులో ప్రార్థన చివర నేను పలికిన 'ఆమెన్' అను మాటను రాజీనామాగా లెక్కగట్టి నన్ను పనిలోనుంచి తీసివేయుట, తిరిగి చేర్చుకొనునట్లు ఉత్తర్వు కోరుట గురించి.

అయ్యా,

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను సదరు రిసార్టులో బట్టలుతికే విభాగానికి సూపర్‌వైజర్‌గా పనిచేసియున్నాను. నేను నోటితో చెప్పిన ఫిర్యాదుపై తమరు పంపిన నోటీసుకు మా యజమాని లాయిడ్ గారు "క్యారొలిన్ స్వచ్ఛందముగా, ప్రార్థనాపూర్వకముగా వైదొలగినారు, సిబ్బంది అందరూ సాక్షులు" అని జవాబిచ్చినట్లు తమ కార్యాలయంలో చదివి వినిపించారు. విని ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. హిందీ నాకు మాట్లాడటమే గాని రాయటం రాదు. తమ దగ్గర తెలుగు చదివేవారున్నారని తెలిసి, జరిగినది వరుసగా విన్నవించుకొనుచున్నాను.

1. లాయిడ్ గారు నిరుడు చెన్నైలో ఏదో సదస్సుకు వెళ్ళి, క్రైస్తవ విశ్వాసంతో నడిచే ఆరోగ్యకరమైన పని సంస్కృతి ఎలా ఉండాలో నేర్చుకుని వచ్చారు. వచ్చీరాగానే "ఇక్కడ యజమాని లేడు, పనివాళ్ళు లేరు, అంతా ఒక్క కుటుంబం" అని రిసెప్షన్‌లో బోర్డు పెట్టించారు. టూరిస్టులు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. మాది కూడా క్రైస్తవ కుటుంబమే, మా తాతల నాటి నుంచి తెలుగు ఆరాధనకు పోయేవాళ్ళం. అందువల్ల ఆ బోర్డు చూసి అందరికంటే ఎక్కువ మురిసిపోయినది నేనే.

2. ఆనాటి నుంచి ఫిర్యాదులు నోటితో చెప్పరాదు. ఏ ఇబ్బంది ఉన్నా ఉదయం కూడికలో ప్రార్థన అంశంగా మాత్రమే పెట్టవలెను. లాయిడ్ గారు కూడా మమ్మల్ని తిట్టడం మానేశారు. తిట్లన్నీ దేవునికే చెప్పేవారు. "ప్రభువా, వంటగదిలో నీ బిడ్డ కునుకు తీస్తున్నాడు, అతని సోమరితనాన్ని క్షమించు" అనేవారు. మేము తలలు వంచుకుని, కళ్ళు మూసుకుని వినేవాళ్ళం. యజమాని తిడితే ఎదురు చెప్పవచ్చును గాని, ప్రార్థనకు ఎదురు చెప్పేదెవరు? ఆఖర్న అందరూ ఆమెన్ అనవలెను. తిట్లు తిన్నవాడు కూడా అనవలెను.

3. పెద్ద వాషింగ్ మిషన్ షాక్ కొడుతున్నదని ప్రార్థన అంశం పెట్టితిని. లాయిడ్ గారు కన్నీళ్ళతో ప్రార్థించారు. ఎలక్ట్రీషియన్‌ను పిలవలేదు. మళ్ళీ పెట్టితిని. మళ్ళీ కన్నీళ్ళే. నా కింద పనిచేసే సీతాలు చేపలు పట్టేవాళ్ళ ఇంటి మనిషి, హిందువు. అయినా కూడికలో మాతోపాటు తల వంచి నిలబడేది. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "దీదీ, మీ పెరార్దన దేవుడికి ఇనబడుతుందేమో గాని, మిషన్‌కి ఇనబడతల్లేదు. ఓపాలి బిజ్లీవాలాకి సెప్పి సూడు" అంది. దేవుణ్ణి ఎగతాళి చేస్తోందని నాకు కోపం వచ్చింది.

4. వానలు పట్టాయి. తడి నేల మీద నిలబడి దుప్పట్లు తీస్తూ సీతాలు షాక్ తగిలి పడిపోయింది. బతికింది. కుడిచేతి వేళ్ళు మాత్రం ఇప్పటికీ ముడుచుకోవు, ఎడమ చేత్తో అన్నం తింటోంది. ఆ రోజే నేను ప్లగ్గు పీకేసి, ఎవరినీ అడక్కుండా ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. ఎర్త్ వైరు ఊడిపోయి ఉందట. అతను మేమిచ్చిన టీ చల్లారేలోగా బిగించి వెళ్ళిపోయాడు.

అయ్యా, యేసు ప్రభువు వడ్రంగి. చేతిపని చేసి బతికినవాడు. ఆయనే మా రిసార్టుకు వచ్చి ఉంటే ముందు ప్లగ్గు పీకేవాడు, ప్రార్థన తర్వాత చేసేవాడు. అర్జీలో ఇలాంటివి రాయకూడదని తెలుసు. రాశాను.

5. మర్నాడు ఉదయం లాయిడ్ గారు, "తండ్రీ, తొందరపాటుతో అలసిపోయిన నా సహోదరి క్యారొలిన్‌ను ఈ భారం నుంచి విడిపించు, ఇంటిపట్టున ఆమెకు విశ్రాంతి దయచేయి" అని ప్రార్థించారు. ఎంత ప్రేమగా అన్నారంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరికంటే గట్టిగా నేనే ఆమెన్ అన్నాను. తలెత్తేసరికి మేనేజర్ ప్రవీణ్ కుమార్ ఎదురుగా ఉన్నాడు.

"దీదీ, తాళాలు ఇచ్చేయండి. కల్ సే మత్ ఆనా, రేపటి నుంచి రావొద్దు."

"ఎందుకు భయ్యా? నేనేం చేశాను?"

"మీరే కదా ఆమెన్ అన్నారు! సబ్ నే సునా, అందరూ విన్నారు."

లాయిడ్ గారు నా తల మీద చెయ్యి పెట్టి దీవించి పంపించారు. తడిగుడ్డతో గొంతు కోయడమని మా అమ్మ అంటుండేది. ఆమె అన్నప్పుడు నాకు అర్థం కాలేదు.

6. పని పోవడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆదివారం చర్చిలో ఆమెన్ వచ్చే సమయానికి చీర కొంగు నోట్లో కుక్కుకుంటున్నాను. పాస్టరమ్మ గారు చూసి, "ఏమ్మా, విశ్వాసం సన్నగిల్లిందా?" అని అడిగారు. "లేదమ్మగారూ, జాగ్రత్తపడుతున్నాను" అన్నాను. ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను.

కావున, దేవునితో అన్న మాట యజమానికి ఇచ్చిన కాగితం కాదని తేల్చి, నన్ను తిరిగి పనిలో పెట్టించి, సీతాలు చేతికి వైద్యం రిసార్టు వారే చేయించునట్లు ఉత్తర్వు ఇప్పించవలెనని మనవి, తమ పెద్ద మనసుతో చిత్తగించవలెను.

ప్రస్తుతానికి తమకు మాత్రమే విధేయురాలు,
క్యారొలిన్

తా.క. విచారణ రోజున లాయిడ్ గారు వస్తారు. మెత్తగా నవ్వి, "సార్, చిన్న ప్రార్థనతో మొదలుపెడదామా?" అంటారు. తమ కాళ్ళు పట్టుకుంటాను, ఒప్పుకోవద్దు. నాది ఊహ తెలిసినప్పటి నుంచి అలవాటుపడిన నోరు. ఆయన ఏమి అడిగినా చివర్న ఆమెన్ అనేస్తుంది. ఈసారి అది తమ ఫైలులోకి ఎక్కుతుంది.